ఉపజీవక కథలును జపాను దోజిన్‌షీలును

ఆంధ్రదేశమున శశిరేఖను ఎరుగని బాలుడు అరుదు. వ్యాసభారతమున శశిరేఖను చూపగల పండితుడు లేడు; ఏలయన ఆమె అందు లేదు. భారతమున అభిమన్యుని భార్య విరాటరాజపుత్రి యగు ఉత్తర. బలరామునకు శశిరేఖ యను కూతురు గలదనుటయు, ఆమెను అభిమన్యునకిత్తుమని పెద్దలు మాట యిచ్చి తప్పిరనుటయు, ఘటోత్కచుడు మాయచేత ఆ పెండ్లిని సాధించెననుటయు వ్యాసుడు గాని కవిత్రయము గాని చెప్పినవి కావు. మహారాష్ట్రమున ఈమెయే వత్సల యను పేర జనుల నోళ్ల నానుచున్నది. భారతమును వినివిని తనివి తీరని జనులు, మూలమున లేని పిల్లను కని, పెంచి, ఆ యింటి కుమారునికే కట్టబెట్టిరి. దీనిని భారతమునకు అపచారమని తలచినవారు లేరు. రంగస్థలమున ఈ కథ నాడినపుడు పండితులును పామరులును సమముగా ఆనందించిరి.

లోకప్రసిద్ధమైన ఇతివృత్తమును, ఒక కవి సృజించిన పాత్రలను ఆశ్రయించి పరులు కల్పించు కథకు ఉపజీవక కథ యని పేరిడవచ్చును. అది దేనిని ఆశ్రయించునో అది ఉపజీవ్యము. రామాయణభారతములు కవులకు ఉపజీవ్యములని పెద్దలు చెప్పుచునే యున్నారు. నేడు జపానుదేశమున ఇట్టి ఉపజీవక కథలను పాఠకులే బొమ్మలతో రచించి, సొంత వ్యయముతో అచ్చొత్తించి, తాము నెలకొల్పుకొన్న సంతలో తామే విక్రయించుకొను పద్ధతి యొకటి మహావృక్షమై పెరిగియున్నది. ఆ పుస్తకములకు దోజిన్‌షీలని పేరు. ఇవి పిల్లకాయల ఆటలని త్రోసివేయుట సులభము. కాని వాని స్వరూపమును, భేదములను ఎరిగి, మన లక్షణశాస్త్రము చేత పరీక్షించినచో రెండు ప్రయోజనములు గలవు. ఒకటి, పరదేశపు సాహిత్యరీతి యొకటి తెలియును. రెండవది, మన శశిరేఖకు సాహిత్యమున గల స్థానమెట్టిదో తేటపడును.

శబ్దార్థము

దోజిన్‌షీ యనునది చీనా లిపి నుండి వచ్చిన మూడక్షరములతో వ్రాయబడు పదము. మొదటి యక్షరమునకు సమానమని, రెండవదానికి మనుష్యుడని, మూడవదానికి పత్రిక యని అర్థములు. సమానాభిరుచి గలవారి పత్రిక యని సముదాయార్థము. సంస్కృతమున సహృదయ శబ్దమునకు హృదయముతో కూడినవాడని యొక విగ్రహమును, సమానమైన హృదయము గలవాడని మరియొక విగ్రహమును చెప్పుదురు. రెండవ విగ్రహము దోజిన్ పదమునకు అచ్చముగ సరిపోవును. కావున దోజిన్‌షీని 'సహృదయ పత్రిక' యని తెనిగించినచో తప్పు లేదు.

ఇచట గమనింపవలసిన విషయమొకటి గలదు. ఈ పదమున బొమ్మ యను అర్థము లేదు. అనుకరణమను అర్థమును లేదు. ఎవరు వ్రాసిరి, ఎవరికొరకు వ్రాసిరి యనునదే పదము చెప్పుచున్నది గాని, ఏమి వ్రాసిరి యనునది చెప్పుట లేదు. దోజిన్‌షీ యనగా పరుల పాత్రలను దొంగిలించిన బొమ్మల పుస్తకమని విదేశములందు కొందరు తలచుట ఈ శబ్దార్థమును విచారింపకపోవుటచేతనే.

పుట్టుపూర్వోత్తరములు

ఈ పత్రికలు మొదట బొమ్మల పత్రికలు గావు. 1885వ సంవత్సరమున ఒజాకి కోయో మొదలగు యువకులు కెన్యూషా యను గోష్ఠిని నడపుచు 'గరకుత బుంకో' యను పత్రికను వెలువరించిరి. తొలి సంచికలు చేతివ్రాతతో తయారై సభ్యుల నడుమ చేతులు మారెడివి; పిదప అచ్చునకెక్కినవి. మన పాఠశాలలలో విద్యార్థులు నడపు లిఖితపత్రికలకు ఇది దగ్గరి చుట్టము. 1910లో వెలసిన 'షిరకబ' యను పత్రికయు ఇట్టి గోష్ఠీపత్రికయే. జపాను నవీన రచయితలు పలువురు పేరు పొందక పూర్వము ఇట్టి పత్రికల నీడనే కలమును సాధన చేసిరి.

సరిగా ఆ 1885వ సంవత్సరముననే కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు మొదలగువారు కీచకవధను ప్రదర్శించి సురభి నాటకసమాజమునకు బీజము వేసిరి. ఈ రెంటికిని సంబంధమేమియు లేదు. ఐనను పోలిక విచారింపదగినది. కొలువుల ప్రాపు లేక, పెద్ద వర్తకుల అండ లేక, ఒక కుటుంబము గాని ఒక మిత్రబృందము గాని తమ కళకు తామే కర్తలును పోషకులును ప్రచారకులును అగుట రెండుచోట్లను సమానము. సురభివారు ప్రదర్శించు నాటకములలో మాయాబజారు మిక్కిలి పేరు గన్నది.

రెండవ ప్రపంచయుద్ధానంతరము జపానున బొమ్మల కథలు బలిసినవి. వానియందు మక్కువ గల బాలురు తమ బొమ్మలను కుట్టి, టపాలో ఒకరి నుండి మరియొకరికి పంపుకొను చేతివ్రాత పత్రికలను పుట్టించిరి. తరువాత ప్రసిద్ధ చిత్రకథాకారుడైన ఇషినొమొరి షోతరో విద్యార్థిదశలో మిత్రులతో నడపిన పత్రికకు 'ఒక సిరాచుక్క' యని అర్థమిచ్చు పేరు పెట్టెను. 1970ల నాటికి ఆఫ్‌సెట్ ముద్రణ చౌకయగుటతో ఈ పత్రికల తీరు మారినది. 1975 డిసెంబరు 21వ తేదీన టోకియోలో కామిక్ మార్కెట్టను సంత మొదటిసారి జరిగెను. జనులు దానిని సంక్షేపించి కొమికెట్ అందురు. నాడు పాల్గొన్న గోష్ఠులు 32. వచ్చినవారు సుమారు 700 మంది. వారిలో బడిపిల్లలైన బాలికలే అధికులు. యొనెజావా యొషిహిరో, హరాదా తెరువో, అనివా జున్ అను విమర్శకులు దీనికి మూలపురుషులు. సంవత్సరమునకు రెండుసార్లు, వేసవిలోను చలికాలములోను, జరుగు ఈ సంత 1996 నుండి టోకియో బిగ్ సైట్ యను మహామందిరమున నెలకొన్నది. 2019 వేసవిలో నాలుగు దినములు జరిగిన సంతకు ఏడు లక్షలకు పైగా హాజరు లెక్కకు వచ్చినది. 2020లో మహమ్మారిచేత ఆగి, 2021 డిసెంబరులో పరిమిత సంఖ్యతో మరల ఆరంభమైనది. 2006లో మరణించిన యొనెజావా సేకరించిన పుస్తకములతో మెయిజి విశ్వవిద్యాలయము 2009లో ఆయన పేర గ్రంథాలయమొకటి తెరచినది. పిల్లకాయల ఆటగా మొదలైనది ముప్పదియేండ్లు దాటునప్పటికి పరిశోధకులకు ఆకరమైనదనుటకు ఇది నిదర్శనము.

ఈ సంతకు ఒక సిద్ధాంతము గలదు. అమ్మువాడు, కొనువాడు, ఏర్పాట్లు చూచువాడు అను ముగ్గురును 'పాల్గొనువారు' అని యొకే పేర వ్యవహరింపబడుదురు. గిరాకీ యనువాడు అచట లేడు. రచయితల బృందమునకు సర్కిల్ అని పేరు. ఒక్కడే యైనను సర్కిలే. స్థలము కొరకు ముందుగా దరఖాస్తు పెట్టవలెను. స్థలమునకు మించి దరఖాస్తులు వచ్చుటచేత చీట్లు తీయుదురు. పుస్తకము కడపటి పుటలో కర్త, ముద్రణాలయము, తేది మొదలగు వివరముల నుంచుట ఆచారము. మన కావ్యములందు ఆశ్వాసాంతమున కవి తన తండ్రి పేరును, గురువు పేరును, తన పేరును చెప్పుకొను గద్యకు ఇది సోదరము. పరుని పాత్రను తీసికొన్నవాడైనను తన పేరును దాచుకొనడు. ఈ యంశమే దీనిని దొంగతనము నుండి వేరు చేయు మొదటి గుర్తు.

భేదములు

దోజిన్‌షీలను స్థూలముగ ఐదు తెగలుగా విభజింపవచ్చును.

మొదటిది స్వతంత్రసృష్టి. పాత్రలును కథయు రచయితవే. కేవలము ఇట్టి వానికే 1984 నుండి కొమితియా యను ప్రత్యేకమైన సంత జరుగుచున్నది. పెద్ద ప్రచురణకర్తలు వలదన్న కథలకును, వారికి చూపుటకే ఇష్టము లేని కథలకును ఇది చోటు.

రెండవది ద్వితీయసృష్టి. జపాను భాషలోని మాటకును ఇదియే అర్థము. ఉపజీవక కథ లన్నియు ఇందు చేరును. దీనియందు మరల అవాంతరభేదములు గలవు. మూలమును నవ్వుటకై అనుకరించునది పరిహాసానుకృతి. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి మున్నగువారు తెలుగున పేరడీలని వ్రాసినవి ఈ జాతివే. మూలకర్త చెప్పక విడిచిన నడిమి ఘట్టమును గాని, కథ ముగిసిన పిమ్మటి ఘట్టమును గాని చెప్పునది పూరణకథ. మన స్త్రీల పాటలలో ఊర్మిళాదేవి నిద్ర దీనికి మేలిమి యుదాహరణము: వాల్మీకి ఊర్మిళను అయోధ్యలో విడిచి వనమునకు నడచెను, పాడుకొను స్త్రీలు మాత్రము ఆమెను విడువలేదు. మూలమున జరిగినదానికి మారుగ 'ఇట్లు జరిగియున్నచో' అని కల్పించునది అన్యథాకథ. భవభూతి ఉత్తరరామచరితమున సీతను భూమిలోనికి పంపక రామునితో కూర్చుట ఈ తెగకు చెందును. ఒక మూలములోని పాత్రను మరియొక మూలములోని పాత్రతో ఎదురుపరచునది సంకరకథ. శ్రీకృష్ణాంజనేయ యుద్ధ కథ వంటిది. ఒక పాత్ర నోటనే కాలాంతరపు విషయములను పలికించునది పాత్రోపజీవకము. ముళ్లపూడి వెంకటరమణ గురజాడ గిరీశముచేత చలనచిత్రములను గూర్చి లెక్చర్లు ఇప్పించుట ఇట్టిది.

ఈ ద్వితీయసృష్టిలోనే ప్రణయయోజన యనునది మిక్కిలి విస్తరించినది. మూలమున మిత్రులుగనో శత్రువులుగనో యున్న ఇరువురిని, తరచుగ ఇరువురు పురుషులను, ప్రణయబద్ధులుగ చిత్రించుట దీని లక్షణము. దీనిని రచించువారును చదువువారును అధికముగ స్త్రీలు. ఇందు పేర్లు వ్రాయుటకు ఒక కట్టుబాటు గలదు: రెండు పేర్ల నడుమ గుణకారచిహ్నము నుంచుదురు, ప్రణయమున ముందడుగు వేయువాని పేరు పూర్వమున, రెండవవాని పేరు పరమున నుండవలెను. పేర్లు తారుమారైనచో అది వేరు తెగ. దాని పాఠకులును వేరు. ద్వంద్వసమాసమున పూర్వనిపాతమునకు పాణిని నియమములు చేసెను. అల్పాచ్కమైన పదము ముందుండవలెనని యొకటి. జపాను బాలికలు వ్యాకరణము చదువకయే తమ ద్వంద్వమునకు పూర్వనిపాతనియమము నొకదానిని కల్పించుకొని, వైయాకరణులంత పట్టుదలతో పాటించుచున్నారు. ఇచట నియమమునకు కారణము వర్ణసంఖ్య గాక అర్థమగుట విశేషము.

మూడవది విమర్శవిజ్ఞానపరమైనది. చలనచిత్రములు, రైలుమార్గములు, యాత్రలు, వంటలు, ప్రాతయంత్రములు మొదలగు వానిని గూర్చి మక్కువతో పరిశోధించి వ్రాయు చిన్న పుస్తకములు ఇందు చేరును. ఏ విశ్వవిద్యాలయమును పట్టించుకొనని విషయమునకు ఏ జీతమును ఆశింపని పరిశోధకుడు దొరకుట ఇచటనే.

నాలుగవది గేయక్రీడాదికము. పేరునకు పత్రికయైనను, ఈ పద్ధతి సంగీతమునకును కంప్యూటరు ఆటలకును వ్యాపించినది. 2000లో త్సుకిహిమె, 2002 నుండి హిగురషి యను కథాక్రీడలు ఈ సంతలోనే మొదట అమ్ముడై పిదప దేశవిఖ్యాతములైనవి. తోహో యను ఆటల కర్త తన పాత్రలతో ఇతరులు కథలల్లుటకు సమ్మతించుటచేత, ఒక ఉపజీవ్యము చుట్టును వేలకొలది ఉపజీవకములు పుట్టినవి.

ఐదవది వయోజనమాత్రపఠనీయము. పదునెనిమిదేండ్లు నిండనివారికి విక్రయింపరాదని నియమము. దీనిని గూర్చి ముందు చెప్పబడును.

పూర్వపక్షములు

ఇట్టి రచనలమీద పండితులు మూడు ఆక్షేపములు చేయుదురు. పరస్వాపహరణమని యొకటి, నిర్మాణము లేదని యొకటి, అశ్లీలమని యొకటి. వీనిని వరుసగ విచారింపవలెను.

పరస్వాపహరణమను ఆక్షేపమునకు సమాధానము మన యలంకారశాస్త్రముననే గలదు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాలుగవ యుద్ద్యోతమున కవుల నడుమ గల పోలికకు సంవాదమని పేరిడి, దానిని మూడు విధములుగ విభజించెను. అద్దములోని ప్రతిబింబము వంటిది మొదటిది. చిత్తరువు వంటిది రెండవది. ఒకరినొకరు పోలిన రెండు దేహముల వంటిది మూడవది. మొదటి రెండును త్యాజ్యములు, మూడవది గ్రాహ్యము, ఏలయన దానికి తనదైన ప్రాణము గలదు. తరువాతివాడైన రాజశేఖరుడు కావ్యమీమాంసలో పరపురప్రవేశము వంటిదని నాలుగవదానిని చేర్చెను. యోగి పరుని దేహమున ప్రవేశించి దానిని నడపునట్లు, కవి యితరుని వస్తువునందు చొచ్చి దానిని క్రొత్తగ కదలించుట దీని భావము. ద్వితీయసృష్టికి ఇంతకన్న తగిన పేరు లేదు. దేహము పరునిది, చైతన్యము ప్రవేశించినవానిది.

ఈ కొలతతో చూచినచో దోజిన్‌షీలలో అధికభాగము ప్రతిబింబములును చిత్తరువులునే యనుట సత్యము. మూలమున ప్రసిద్ధి గన్న భంగిమను మరల గీయుట, మూలమున నవ్వించిన మాటను మరల పలికించుట వానికి చాలియుండును. కాని అధికభాగమును బట్టి జాతిని నిందించుట న్యాయము గాదు. శతకములలో అధికభాగము ప్రతిబింబములే. అంతమాత్రమున శతకప్రక్రియను ఎవరును కొట్టివేయలేదు.

ధర్మశాస్త్రపు ఆక్షేపము వేరు, రాజశాసనపు ఆక్షేపము వేరు. రామునికి స్వత్వాధికారి లేడు. నేటి పాత్రకు గలడు. జపాను శాసనము ప్రకారము కర్త యనుమతి లేక అతని పాత్రలతో పుస్తకము నచ్చొత్తుట దోషమే కాదగును. ఐనను స్వత్వాధికారులు పెక్కుమంది చూచియు చూడనట్లుందురు. ఏలయన నేటి అనుకర్త రేపటి కర్త. ప్రసిద్ధ చిత్రకథాబృందమైన క్లాంపు ఇట్టి సర్కిలుగ మొదలై పెద్ద ప్రచురణకర్తల కడకు చేరినది. 2018 డిసెంబరులో శాసనము సవరింపబడి కొన్ని అపహరణములకు కర్త ఫిర్యాదు లేకయే శిక్ష విధింపవచ్చునని యేర్పడినపుడును, మూలమును ఉన్నదున్నట్లు నకలు చేయుటకే దానిని పరిమితము చేసి ద్వితీయసృష్టిని వెలుపల నుంచిరి. ఐనను ఓర్పునకు హద్దు గలదు. 1999లో పోకెమాన్ పాత్రలతో అశ్లీల పుస్తకము చేసిన యొక రచయిత్రి నిర్బంధింపబడెను. మరియొక ఉదంతము సాహిత్యదృష్టితో మిక్కిలి విచారణీయము. డోరెమాన్ కర్త ఫుజికో ఎఫ్. ఫుజియో 1996లో మరణించునప్పటికి ఆ కథకు ముగింపు లేదు. 2005లో ఒక అభిమాని ఆ ముగింపును తానే కల్పించి, మూలకర్త చేతివాటమునే అనుసరించి గీసి పుస్తకముగ వెలువరించెను. అది వేలకొలది ప్రతులు చెల్లెను. ప్రచురణకర్తలు అభ్యంతరము చెప్పగా 2007లో అతడు క్షమాపణ కోరి, లాభములో కొంత చెల్లించెను. ఇచట దోషమేది? ముగింపును కల్పించుట గాదు. అది భవభూతి చేసినపనియే. మూలమేదో అనుకరణమేదో తెలియనంతగ చిత్తరువును దించుటయే జనులను మోసమునకు గురిచేయునదని ప్రచురణకర్తల భయము. పరపురప్రవేశము చేసినవాడు తన గుర్తును దాచినచో ఆలేఖ్యప్రఖ్యమునకు జారును. శాసనమును సాహిత్యశాస్త్రమును ఇచట నొకటే మాట చెప్పుచున్నవి.

నిర్మాణము లేదను ఆక్షేపమును జపానువారు తామే తమమీద చేసికొనిరి. ప్రణయయోజనకు 'యావోయి' యని యొక పేరు గలదు. పరాకాష్ఠ లేదు, ముగింపు లేదు, అర్థము లేదు అను మూడు వాక్యముల తొలి యక్షరములను కూర్చి 1970ల చివర కొందరు రచయిత్రులు తమ్ము తామే పరిహసించుకొనుటకు చేసిన పదమిది. నాట్యశాస్త్రము రూపకమునకు ముఖము, ప్రతిముఖము, గర్భము, విమర్శము, నిర్వహణము అను ఐదు సంధులను విధించెను. యావోయిలో గర్భము లేదు, నిర్వహణము లేదు. అర్థమే లేదని వారే యనుచున్నారు. మరి రసమెట్లు పుట్టును?

దీనికి సమాధానము ముక్తకమున గలదు. అమరుకుని ఒక్కొక్క శ్లోకము ఒక్కొక్క ప్రబంధమువలె రసమును స్రవించునని ఆనందవర్ధనుడు మెచ్చెను. శ్లోకమున నాయిక పేరు లేదు, ఊరు లేదు, పూర్వకథ లేదు. ఐనను సహృదయుడు విభావములను తానే ఊహించుకొనును. ద్వితీయసృష్టిలో ఈ యూహకు అంతటి శ్రమ యక్కరలేదు. విభావములు పాఠకుని మనస్సున మూలముచేత ముందే నెలకొల్పబడియున్నవి. ఘటోత్కచుడు శశిరేఖ రూపున నడచివచ్చునపుడు అతని నడక యొక్కటియే చాలును, సభ యంతయు నవ్వును. హిడింబాసుతుడెవరో చెప్పవలసిన పని లేదు. పదునారు పుటల పుస్తకము నూరు సంపుటముల కథకు ముక్తకమైనపుడు దానియందు పంచసంధులను వెదకుట వృథ. ఐతే ఇందే ఉపజీవకమునకు గల దౌర్బల్యమును గలదు. మూలము నెరుగనివానికి ఆ ముక్తకము గీతల కుప్ప. మూలము నెరుగనివానిని గూడ కదలింపగల ఉపజీవకమే ఉత్తమము. శాకుంతలమును ఆస్వాదించుటకు భారతమందలి శకుంతలోపాఖ్యానము చదివియుండవలెనను నియమము లేదు గదా!

అశ్లీలాక్షేపము మూడవది. వయోజనమాత్రపఠనీయములందు రసము లేని శృంగారము విస్తారమనుట కాదనరానిది. వానిని బాలురకు దూరముగ నుంచుట ధర్మము. కాని తీర్పు చెప్పుటలో తొందర కూడదని మన చరిత్రయే చెప్పుచున్నది. ముద్దుపళని రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రకటింపగా, మరుసటి యేట దొరతనమువారు దానిని నిషేధించిరి. 1947లోగాని ఆ నిషేధము తొలగలేదు. ఒక తెగను నిందించుటకు ముందు ఒక్కొక్క గ్రంథమును చదువుట విమర్శకుని కర్తవ్యము.

కడపమండలపు నిదర్శనములు

బొమ్మలతో కథ చెప్పుట ఆంధ్రులకు జపానువారు నేర్పినది గాదు. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములందు రామాయణమును అరలు అరలుగ విభజించి, ప్రతి యరయందును తెలుగు వ్రాతతో చిత్రించుదురు. తెలంగాణమున చేర్యాల పటములు కులపురాణములను వరుసబొమ్మలుగ చూపును. తోలుబొమ్మలు ఉండనే యున్నవి. ఈ సంప్రదాయము అచ్చుయంత్రముతో కలిసిన చోటు కడపవారి చేతిమీదుగ నేర్పడుట గమనింపదగినది. పులివెందుల తాలూకా కొత్తపల్లెలో పుట్టిన బి. ఎన్. రెడ్డికి సోదరుడైన బి. నాగిరెడ్డి 1947 జులైలో చక్రపాణితో కూడి చందమామను స్థాపించెను. భేతాళకథలు మూలమున ఇరువదియైదు. చందమామ ఆ ఇరువదియైదింటితో ఆగక, శవమును, విక్రమార్కుని, చెట్టును అట్లే యుంచి, దశాబ్దములపాటు క్రొత్త కథలను భేతాళుని నోట పలికించెను. శంకర్ గీసిన శవవాహకుడైన విక్రమార్కుని బొమ్మ తెలుగు బాలుర తలపులందు ముద్రపడినది. ఆ పత్రిక నేడు వెలువడుట లేదు. ఆ బొమ్మ మాత్రము చెరగలేదు.

ఆ నాగిరెడ్డి చక్రపాణులే 1957 మార్చి 27వ తేదీన మాయాబజారు చిత్రమును విడుదల చేసిరి. కె. వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు మాటలు వ్రాసెను. దీనికి ముందే 1936లో శశిరేఖాపరిణయము తెలుగు చిత్రముగ వచ్చియున్నది. పాండవుల యింటి పెండ్లి కథ యిది. అందు పాండవులేవురును ఒక్కసారియైనను తెరపై కానరారు. ఉపజీవ్యమునందలి నాయకులను వెనుకకు నెట్టి, భారతమున యుద్ధరంగమున కూలు ఘటోత్కచుని వంటయింటికి తెచ్చి వివాహభోజనమునకు కూర్చుండబెట్టుట పరపురప్రవేశమునకు పరమోదాహరణము. నేటి జపాను బాలిక ఉపపాత్రను నాయకుని చేసి ముప్పది పుటలు గీయునపుడు చేయునదియు దీనినే. సామర్థ్యమున భేదముండవచ్చును, జాతి యొకటే.

గోష్ఠికిని ఈ సీమ నిదర్శనము నియ్యగలదు. జమ్మలమడుగు ప్రాంతమున పుట్టి ప్రొద్దుటూరున స్థిరపడిన దుర్భాక రాజశేఖర శతావధానియు గడియారం వేంకట శేషశాస్త్రియు జంటగ అవధానములు చేసిరి. పిదప ఒకరు రాణాప్రతాపసింహచరిత్రను, ఒకరు శివభారతమును రచించిరి. ప్రతాపుడును శివాజీయు వారి కల్పనలు గారు. అప్పటికే లోకము మనస్సున వెలసిన వీరులు. శివభారతమను పేరును 17వ శతాబ్దమున పరమానందకవి సంస్కృతకావ్యమునకు పెట్టియుండెను. ఎరిగిన వీరుని మరల చెప్పుటచేత ఆ తెలుగు కావ్యముల గౌరవమునకు లోపము రాలేదు. వస్తువు పూర్వమే కలదను మాట దోషమైనచో ప్రబంధవాఙ్మయమున మిగులునది స్వల్పము. ఇటీవలి వారిలో ఓల్గా, సీత శూర్పణఖను కలిసికొనునట్లు కల్పించిన విముక్త కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. ద్వితీయసృష్టి సాహిత్యమగునా యను ప్రశ్నకు తెలుగునాట ఉత్తరము వచ్చియేయున్నది.

సిద్ధాంతము

ఉపజీవకమును పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలును. పాత్రకు మూలమున గల స్వభావమునకు విరోధము లేక క్రొత్త కదలిక వచ్చినదా? రసమునకు మూలమునందలి కథ అడ్డు వచ్చినపుడు దానిని త్యజించి తగినదానిని కల్పింపవచ్చునని ఆనందవర్ధనుడే యనుమతించెను. సిద్ధరసములైన రామాయణాది కథలయందు రసవిరోధియైన స్వేచ్ఛ కూడదనియు ఆయనయే హెచ్చరించెను. ఈ రెంటి నడిమి మార్గమే ఔచిత్యము. కర్త తన పేరును, తన గుర్తును నిలుపుకొనెనా? మూలము నెరుగనివాడు చదివినను కొంతయైన రసము దక్కునా? మూడింటికిని అవునన్నచో అది తుల్యదేహి. దానికి ప్రాణము గలదు.

పాఠశాలల పండితులకు ఇందు ఆచరణీయమైన యంశము గలదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బడులలో ఏ బాలుడైనను, ఏ బాలికయైనను లెక్కల పుస్తకము అంచున జపాను కథావీరుని గీసినచో, దానిని లాగికొని చింపుటకు ముందు అది ప్రతిబింబమో, చిత్తరువో, తుల్యదేహియో చూడవలెను. ప్రతిబింబమైనచో సాధన, మంచిదే. ఆ వీరునిచేత మూలమున లేని మాట నొకటి పలికించెనేని అచట కవి మేల్కొనుచున్నాడని యెరుగవలెను. వానికి మన యుపజీవ్యములను చేతికిచ్చుట గురువు పని. విరాటుని కొలువునుండి కోడలుగ వచ్చిన ఉత్తర, తనకు ముందే శశిరేఖ యొకతె యున్నదని విన్న రాత్రి ఏమి తలచెను? పదుమూడవ దినమున చక్రవ్యూహమునుండి అభిమన్యుడు తిరిగి రాడను వార్త ఇద్దరికిని ఒక్కసారియే తెలిసినదా? ఈ ప్రశ్నలను వ్యాసుడు వేయలేదు, ఏలయన ఆయనకు శశిరేఖ లేదు. మాయాబజారు వేయలేదు, ఏలయన పెండ్లితో దాని కథ ముగిసినది. రెండు మూలముల నడుమ మిగిలియున్న ఈ చోటు తరగతిగదిలోని పిల్లలది. వ్యాకరణము తప్పు లేక, ఔచిత్యము చెడక, పేరు దాచుకొనక వారు దానిని పూరించినచో, అది బొమ్మలతో నున్నను పద్యములతో నున్నను, సాహిత్యముగ స్వీకరింపదగునని విజ్ఞులు గ్రహింతురు గాక.